తల ఉన్న బొమ్మ

పింపా చేసిన బొమ్మకి తల ఉంది. గొడవంతా దానివల్లే వచ్చింది.

తల లేకుండా చేసి ఉంటే ఊళ్ళో ఎవరూ పట్టించుకునేవారు కాదు. యోమ్ నది పక్క పొలాల్లో నాగలి పెడితే చాలు, తల లేని మట్టి బొమ్మలు బయటపడుతూనే ఉంటాయి. జానెడు ఎత్తున కాళ్ళు ముడుచుకు కూర్చున్న ఆడమనిషి, కొన్నిటికి ఒళ్ళో బిడ్డ, కొన్నిటికి నిండు పొట్ట, మెడ దగ్గర విరిగిన గుర్తు. ఏ కాలం నాటివో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. దొరికినవాడు గట్టు మీద పెట్టి వెళ్ళిపోతాడు, ఇంటికి మాత్రం తీసుకురాడు. పింపా చదివే కాలేజీవాళ్ళకి అలాంటి పట్టింపులు ఉండవు కనక, వాటిని ఏరుకొచ్చి అద్దాల బీరువాలో వరసగా కూర్చోబెట్టారు.

ఆ బీరువా ముందు పింపా చాలాసేపు నిలబడింది, శిల్పం నేర్పే తవత్ మాస్టారు తిట్టిన రోజున. అది తిట్టు అనిపించే తిట్టు కూడా కాదు. చివరి ఏడాది ప్రదర్శన కోసం పింపా నాట్యం చేసే అమ్మాయినీ, గేదె మీద కూర్చున్న పిల్లవాడినీ, జపం చేసుకునే ముసలమ్మనీ చేసి బల్ల మీద పెట్టింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వాటి చుట్టూ ఒకసారి తిరిగారు.

"చెయ్యి బాగానే కుదిరింది అమ్మాయ్. కొట్లో పెడితే సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. కానీ వీటిలో నువ్వు చూసిందేదీ లేదు. ఎవరో చూసినదాన్ని నువ్వు చేశావు" అన్నారు. ఇంతకంటే మంచిది లేకపోతే ఈ ఏడు గట్టెక్కించడం తన వల్ల కాదని కూడా చెప్పి, టీ తాగడానికి వెళ్ళిపోయారు.

పింపా ముందు ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని చూస్తే ఎదురుగా బీరువాలో తల లేని తల్లులు. వీళ్ళ ముఖాలు ఎలా ఉండేవో అనిపించింది. ఒక్కదానికైనా తల తిరిగి ఇస్తే? ఇరవై రెండేళ్ళ వయసులో ఇలాంటి ఆలోచన వస్తే మనిషి కాలు నేల మీద ఆనదు. మర్నాడు పొద్దున్నే మట్టి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అమ్మమ్మ ఊరికి బస్సెక్కింది.

అమ్మమ్మ బున్మా కూజాలూ కుంపట్లూ చేస్తుంది. పెరట్లో రేకుల కొట్టం, దాని వెనక కుండలు కాల్చే ఆవం, ఆవం పక్కన కట్టెల దొంతి. కొట్టంలో కూర్చుంటే వెదురు కంచె అవతల పక్కింటి కింద భాగం మొత్తం కనిపిస్తుంది. గుంజల మీద కట్టిన ఇల్లు కనక, ఎండాకాలం ఆ ఇంటి సంసారమంతా కింద నీడలోనే జరుగుతుంది. అక్కడ మాలై రోజూ వెదురు మంచం మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తుంది. పింపా కంటే ఆరేడేళ్ళు పెద్దది. ఎనిమిదో నెల. మొగుడు చెరకు లారీ తోలుకుంటూ వారాల తరబడి ఇంటి మొహం చూడడు. ఇంట్లో అత్త సమ్రాన్, తను.

అంతకుముందు రెండు కాన్పులూ మాలైకి దక్కలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆవిడ ముందు ఎవరూ పొట్ట మాట ఎత్తరు, చింతకాయల మాటే మాట్లాడతారు.

మొదటిరోజు పింపా బీరువాలోని బొమ్మల్నే గుర్తు తెచ్చుకుంటూ ఒకటి చేసింది. మందపాటి గోడలు, రెండు చేతులూ నిండు పొట్ట మీద, గుడ్డు లాంటి తల. అది అచ్చంగా నాట్యం చేసే అమ్మాయికి చెల్లెల్లా తయారైంది. విసుగొచ్చి మూలకి నెట్టి తల ఎత్తేసరికి, కంచె అవతల మాలై చింతకాయ ఒలవడం ఆపి ఎటో చూస్తోంది. ఒక కాలు మడిచి, ఒకటి బార్లా చాపి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి నడుముని అదుముకుంటోంది. మెడ ఒక పక్కకి కొద్దిగా వాలి ఉంది. పింపా మట్టి ముద్ద అందుకుంది.

ఆ తర్వాత అదే పని. బంకమన్నుని తాళ్ళుగా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, లోపల వేలితోనూ బయట చెక్కతోనూ అదుముతూ ఒళ్ళు పైకి లేపింది. పొట్ట దగ్గర గోడ పలచగా ఉండాలి, లేకపోతే ఆవంలో పేలుతుంది. మరీ పలచనైతే పచ్చి మీదే కుంగిపోతుంది. పొద్దున్న చేసిన భాగం మీద తడిగుడ్డ కప్పి, అది కాస్త గట్టిపడ్డాక మధ్యాహ్నం మళ్ళీ పైన చుట్టలు వేసేది. మాలై లోపలికి వెళితే పింపా చెయ్యి ఆగేది. మాలై వచ్చి కూర్చుంటే మళ్ళీ కదిలేది. తనని ఎవరైనా ఇలా చూస్తున్నారని మాలైకి తెలీదు.

అడగాలని పింపా రెండుసార్లు కంచె దాకా వెళ్ళింది. అడిగితే మాలై అక్క ఫోటోకి కూర్చున్నట్టు బిర్రబిగుసుకుపోతుందని సర్దిచెప్పుకుని వెనక్కి వచ్చింది. అది నిజమే. కాదంటుందేమోనన్న భయం కూడా నిజమే, కానీ ఆ రెండోది పింపా తనలో తను కూడా పైకి అనుకోలేదు.

మెడే ఏడిపించింది. తలని విడిగా చేసి, రెండువైపులా గీతలు గీసి, మట్టి జావ పూసి అతికిస్తే మర్నాటికి పగులు కనిపించేది. ఊడదీసి మళ్ళీ చేసేది. చివరికి అతికించడం మానేసి, భుజాల దగ్గర్నుంచే చుట్టల్ని సన్నం చేసుకుంటూ మెడని లేపి తల దాకా తీసుకెళ్ళింది. ముఖం మాలైదే వచ్చింది. కావాలని పెట్టిందీ కాదు, వద్దని ఆపిందీ కాదు. వేళ్ళు పోతున్న దారిన పోనిచ్చింది.

ఆవం విప్పిన రోజున బూడిదలోంచి కుంపట్లూ కూజాలూ తీస్తూ తీస్తూ అమ్మమ్మ ఆ బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఎర్రగా, ఎక్కడా చిట్లకుండా, ఒక భుజం మీద పొగ మచ్చతో కూర్చుని ఉంది బొమ్మ. పింపాకి సంతోషం పట్టలేక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఫోటో తీసి మాస్టారికి పంపింది. అమ్మమ్మ మాత్రం చేతికున్న బూడిద కట్టుకున్న లుంగీకి తుడుచుకుని, వేలితో బొమ్మ మెడ చూపించింది.

"తల తీసెయ్" అంది.

పింపా నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. కడుపుతో ఉన్న మనిషికి గండం ఉందనుకుంటే ఇలాంటి బొమ్మ చేస్తారు, ఆ మనిషి పేరు చెప్పి మెడ విరిచి మూడు దారుల దగ్గర పెడతారు, ప్రాణం తీసుకుపోవడానికి వచ్చేది ఆ బొమ్మని తీసుకుని వెళ్ళిపోతుంది. ఇదంతా పింపాకి తెలుసు, కాలేజీలో దీని మీద పరీక్షే రాసింది. తెలియనిది తర్వాతి ముక్క. మెడ విరవని బొమ్మ అంటే ఇంకా ఇవ్వని బొమ్మ. అది ఎవరి కోసమో వాళ్ళ లెక్క తేలనట్టే. వచ్చేది వచ్చి చూస్తుంది, ఇక్కడ బొమ్మ, అక్కడ మనిషి, ఏది తనదో దానికేం తెలుసు?

"మేం పేరే పెడతాం, ముఖం పెట్టం. నువ్వు ముఖమే పెట్టేశావు" అంది అమ్మమ్మ.

పింపా వాదించింది. ఇది పూజకి చేసింది కాదని, ప్రదర్శనకి చేసిందని, ఈ కాలంలో కూడా ఇవేం మాటలని, గొంతు కాస్త పెద్దది చేసే వాదించింది. ఆ గొంతు విని నిప్పు కోసం వచ్చిన సమ్రాన్ కొట్టంలోకి తొంగి చూసింది. చూసి, చేతిలోని డొక్కు గరిటె కింద పెట్టేసి, ఒక్క మాట లేకుండా ఇంటికి వెళ్ళి కోడల్ని పిలుచుకొచ్చింది.

మాలై నెమ్మదిగా వచ్చింది. బొమ్మ ముందు కూర్చోవడానికి వీలుగా పింపా పీట వేస్తే కూర్చోలేదు. నిలబడే చూసింది. ముఖం చూసి, పొట్ట చూసి, చివరికి వంగి, బొమ్మ వెనక నడుముని పట్టుకున్న చేతిని ఒక వేలితో తాకింది.

"ఎప్పుడు చూశావు నన్ను?" అంది.

పింపా కంచె వైపు చూపించింది. మాలై ఆ కంచెనీ, అవతల ఉన్న తన మంచాన్నీ చూసి ఇంకేం అడగలేదు. సమ్రాన్ మాత్రం అడిగింది. పింపాని కోప్పడలేదు, తిట్టలేదు. ఇప్పటికే ఇద్దరు పోయారనీ, ఈ ఒక్కటీ దక్కనివ్వమనీ, మెడ విరిచి ఇచ్చెయ్యమనీ చేతులు జోడించి అడిగింది. పెద్దావిడ చిన్నపిల్ల ముందు చేతులు జోడిస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. పింపా రేపు చెబుతానంది.

ఆ సాయంత్రమే మాస్టారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో అంత ఉత్సాహం పింపా ఎప్పుడూ వినలేదు. హాలు మధ్యలో దానికి చోటు ఉంచానన్నారు. ఆ నడుము మీది చేతిలో ఎంత అలసట ఉందోనని మళ్ళీ మళ్ళీ అన్నారు. "ఇప్పుడు చూశావమ్మా నువ్వు. జాగ్రత్తగా తీసుకురా. దీనికేమైనా అయితే చూపించడానికి నీ దగ్గర ఇంకేం లేదు" అని పెట్టేశారు.

మర్నాడు పింపా ఏమీ చెప్పలేదు. కొట్టంలోంచి బయటికే రాలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం మాలైకి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల పైన ఉంది. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని చూసి, కాళ్ళ వాపు నొక్కి చూసి, వెంటనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పింది. ఊళ్ళో ఉన్న ఒక్క వ్యానూ చెరకు తోటల వైపు వెళ్ళింది, కబురు పంపారు. వ్యాను వచ్చేలోగా సమ్రాన్ అరిటాకు దొప్పలో అన్నం, ఎండుచేప ముక్క, తమలపాకులు సర్దింది. మాలై కట్టి విడిచిన పాత లుంగీ ఒకటి తెచ్చి పింపా చేతిలో పెట్టింది.

"దీంట్లో చుట్టి ఇయ్యి తల్లీ. మాలై బండెక్కేలోపల అయిపోవాలి" అంది.

పింపా కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అమ్మమ్మ పక్కింట్లో మాలై దగ్గర ఉంది. పింపా కట్టెలు చీల్చే గొడ్డలి తిరగేసి పట్టుకుని బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్క దెబ్బ చాలు. మెడ చుట్టలు ఎంత సన్నగా పోయాయో ఆమె వేళ్ళకి తెలుసు, ఎక్కడ కొడితే విరుగుతుందో కూడా తెలుసు. గొడ్డలి ఎత్తింది. పక్కింట్లోంచి మాలై మూలుగు వినిపించింది. గొడ్డలి మాత్రం కిందికి దిగలేదు.

అప్పుడు మూలనున్న మొదటి బొమ్మ కనిపించింది. అదీ ఆవంలో కాలింది. అదీ కడుపుతో ఉన్నదే. ఎలాగూ ఇదంతా మనసుకి ధైర్యం కోసమే కదా, ధైర్యానికి ఏ బొమ్మయితేనేం అనుకుంది పింపా. ఆసుపత్రి ఉంది, డాక్టర్లు ఉన్నారు, కాపాడితే వాళ్ళు కాపాడాలి. ఇలా అనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. గుడ్డు తల మీద గొడ్డలి మడమతో ఒకటి కొట్టింది. మెడ విరగడమే కాదు, తల మూడు ముక్కలైంది. అదే మేలనిపించింది. ముక్కలన్నీ లుంగీలో వేసి ముడి వేసింది. అసలు బొమ్మని కూజాల వెనక్కి జరిపి గోనెపట్టా కప్పింది.

మాలైని మెట్ల మీంచి దింపి కింది మంచం మీద పడుకోబెట్టారు. వ్యాను వచ్చి వాకిట్లో హారన్ కొడుతోంది. సమ్రాన్ మూట అందుకోబోతే మాలై చెయ్యి చాపింది.

"ఒకసారి చూస్తాను."

చూడకూడదంది సమ్రాన్. మాలై వినలేదు. మంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలి ముడి విప్పింది. తల ముక్కల్ని చూసింది. బొమ్మ ఒళ్ళుని అటూ ఇటూ తిప్పింది. దాని వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. నొప్పి వచ్చినట్టుంది, కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక నేరుగా పింపా ముఖంలోకి చూసింది.

"ఇదేనా?"

"ఇదే అక్కా. కొట్టేటప్పుడు తల చితికింది" అంది పింపా.

మాలై తల ఊపింది. లుంగీ అంచులు దగ్గరికి లాగి, ఒకసారి వేసిన ముడి మీద ఇంకో ముడి వేసి, అత్తకి ఇచ్చింది. సమ్రాన్ ఆ మూటని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మూడు దారుల వైపు గబగబా నడిచింది. వెనక దొప్ప పట్టుకుని పింపా. పొద్దు గూకుతోంది. మూట దింపి, దొప్ప పెట్టి, సమ్రాన్ మాలై పేరు గట్టిగా చెప్పింది. ఇదిగో, నీది నీకిచ్చేశాను, ఇంక మా ఇంటి వైపు రాకు అంటూ ఏడ్చింది. పింపా తన కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడింది. వెనక్కి తిరిగి చూడకూడదని సమ్రాన్ అంటే, చూడకుండానే వచ్చింది. వాళ్ళు వచ్చేసరికి మాలైని వ్యానులో ఎక్కించారు. సమ్రాన్ కూడా ఎక్కాక వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పింపాకి ముద్ద దిగలేదు. అమ్మమ్మ ఫోను మోగినప్పుడల్లా కొట్టంలోంచి పరుగున వచ్చేది. నమ్మకం లేని మనిషికి ఇంత భయం ఎందుకని తనని తనే కసురుకుంది, అయినా భయం పోలేదు. రెండోరోజు కబురు వచ్చింది. ఆడపిల్ల. బరువు తక్కువ, గాజు పెట్టెలో పెట్టారు, కానీ పర్వాలేదు. తల్లీ పర్వాలేదు. పింపా కొట్టంలోకి వెళ్ళి కట్టెల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక లేచి, గోనెపట్టా తీసి, బొమ్మని రెండు బొంతల్లో చుట్టింది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. బొంతల్లో ఉన్నదేమిటో ఆవిడకి అడగాల్సిన పని లేకపోయింది. బస్సు దాకా కూడా రాలేదు.

కాలేజీ హాలు మధ్యలో తెల్ల పీఠం మీద బొమ్మని కూర్చోబెట్టారు. తవత్ మాస్టారు దీపాన్ని అటూ ఇటూ జరిపించి, నడుము మీది చెయ్యి మీద వెలుగు పడేలా పెట్టించారు. తోటి విద్యార్థులు మాటలాపి చుట్టూ చేరారు. బొమ్మకి పేరేం రాయాలి అని మాస్టారు అడిగితే సాయంత్రం చెబుతానంది పింపా. మాలై ఉన్న పట్నం ఆసుపత్రి కాలేజీకి దగ్గరే. కమలాపళ్ళు కొనుక్కుని నడుచుకుంటూ వెళ్ళింది.

సమ్రాన్ వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చి కావలించుకుంది. పక్క మంచాలవాళ్ళని పిలిచి మరీ చెప్పింది. ఈ పిల్లే, పరీక్షకి చేసుకున్న బొమ్మని మా కోసం చేతులారా విరగ్గొట్టింది, ఇప్పుడు దీని చదువు ఏమవుతుందో ఏమో, అయినా ఒక్క మాట అనలేదు. జాకెట్టులోంచి తెల్ల నూలుపోగు తీసి, మంచి జరగాలని పింపా మణికట్టుకి కట్టింది. పోగు మీద దీవెన కూడా చదివింది. అప్పుడు సమ్రాన్ ప్లాస్కు తీసుకుని వేణ్ణీళ్ళకి వెళ్ళింది.

మాలై దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. పక్కన గుడ్డల్లో పిల్ల, బయటికి కనిపించేది ముక్కూ నోరూ మాత్రమే. పాల కోసమని పొద్దున్నే పెట్టెలోంచి తెచ్చి ఇచ్చారట.

"దానికి నడుము మీద చెయ్యి లేదు" అంది మాలై.

పింపాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం కమ్మీ పట్టుకుంది.

"రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి. నేనలా కూర్చోను పిల్లా. మొదటిది పోయిన దగ్గర్నుంచి పొట్ట మీద చెయ్యి వెయ్యాలంటే నాకు భయం. ముట్టుకుంటే పోతుందేమోనని. అందుకే చెయ్యి వెనక్కి పెట్టేసుకునేదాన్ని."

పింపా అది నడుము నొప్పి అనుకుంది. మాస్టారు అలసట అనుకున్నారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే మా అత్త నీ కొట్టంలోకి వెళ్ళి దాన్ని పిండి చేసేది. బయట బండి హారన్ కొడుతోంది. నువ్వే చెబుతావని అడిగాను. నీ మొహంలోకి చూసి అడిగాను కదా, ఇదేనా అని."

పింపా ఇలాంటివి తను నమ్మననీ, డాక్టర్లు కాపాడతారనే అనుకున్నాననీ చెప్పబోయింది. 

"నేను నమ్ముతానో లేదో నాకూ తెలీదు" అంది మాలై, కోపం లేని గొంతుతో. "బండిలో పడుకుని దారి పొడుగూతా ఒకటే అనుకున్నాను. దాని తల ఇంకా అలాగే ఉంది, అలాగే ఉంది అని. సరే, అయిపోయింది. నీ బొమ్మ నీకు దక్కింది. నా పిల్ల నాకు దక్కింది. కానీ దక్కుతుందని ఆ సాయంత్రం నీకు తెలీదుగా."

ఇప్పుడే వెళ్ళి విరగ్గొట్టేస్తానంది పింపా. నిజంగానే అంది, అడుగు కూడా వేసింది.

"ఎవరి కోసం?" అంది మాలై. "ఉండనీ. నాకు దాంతో పని లేదిప్పుడు. ముఖం ఎలాగూ పెట్టేశావు, పేరు మాత్రం నాది పెట్టకు."

సమ్రాన్ ప్లాస్కుతో తిరిగొచ్చింది. ఆ అలికిడికి పిల్ల కదిలి, పిల్లికూనలా సన్నగా ఏడుపు మొదలెట్టింది. మాలై పిల్లని ఎత్తుకుని రొమ్ముకి ఆనించుకుంది. మెడ వంగింది. అరచెయ్యి పిల్ల వీపు మీద పరుచుకుంది, వేళ్ళు ఒక్కొక్కటే భయం భయంగా, ఇంకా ఉందా లేదా అని చూసుకుంటున్నట్టు. ఇలా వంగిన మెడని పింపా ఇంతవరకు ఎక్కడా చూడలేదు. చెవి వెనకనుంచి భుజం దాకా గీత ఒక్కటే, ఎక్కడా తెగకుండా. పింపా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దుప్పటి అంచుని పట్టి, ఆ వంపుని ఒత్తడం మొదలుపెట్టాయి.

"మళ్ళీ చూస్తున్నావు" అంది మాలై.

పింపా చెయ్యి ఆగిపోయింది. మాలై పిల్లతో సహా గోడవైపు తిరిగి పడుకుని, భుజం మీదికి దుప్పటి లాక్కుంది.

"కొత్త తల్లి కదా, దానికి సిగ్గు" అని నవ్వింది సమ్రాన్. కమలాపండు ఒకటి ఒలిచి, పింపా తెచ్చినదే పింపా చేతిలో పెట్టి, చదువు గురించి దిగులు పడొద్దనీ, ఇంత మంచి మనసున్న పిల్లని ఏ మాస్టారూ పరీక్ష తప్పించడనీ చెప్పింది. పింపా ఆ పండు పట్టుకుని తల దించుకుని నిలబడింది.